మొదటి కీర్తన నుంచి ఆశీర్వాదం దాకా

మైపాడు,
9 జనవరి 2022.

ప్రభువునందు మిక్కిలి ప్రియమైన చెల్లెలు రెబెక్కమ్మకు అన్న హెబ్రోను వందనములు చెప్పి వ్రాయునది.

ఇక్కడ మేమంతా దేవుని కృపవలన క్షేమం, మీ వదిన అబిగయీలు మోకాళ్ళు తప్ప. ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావేమో. ఫోనులో నువ్వు చెప్పేది నాకు సగమే వినపడుతోంది. మిగిలిన సగం నేనే ఊహించుకొని కోపం తెచ్చుకుంటున్నాను. మొన్న క్రిస్మస్ నాడు నువ్వన్న మాటకు రెండు రోజులు అలిగి అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. తర్వాత అబిగయీలు చెప్పింది, నువ్వు "కేకు బాగా పొంగింది" అన్నావట. అందుకని ఇక ఉత్తరాలే.

అసలు సంగతి చెబుతాను. మావాడు కిషోర్ బాబు రొయ్యల మేత అమ్మే దుకాణంలో చేరినప్పటి నుంచి వాడి కంటికి నేల కనపడటం లేదు, అంతా చెరువుగానే కనపడుతోంది. నాన్న మనిద్దరి పేరా వదిలిపోయిన మేత బీడును చెరువులకు కౌలుకిద్దామంటాడు. ఒకసారి ఉప్పునీళ్ళు నిలబెట్టాక ఆ నేల మీద మళ్ళీ గడ్డి మొలవదు. నా మంద ఎక్కడికి పోవాలి? కాగితం మీద నీ సంతకమూ కావాలి గనుక వాడు నీకు ఫోను చేసి తేనె పూస్తాడు. తొందరపడొద్దు.

"ఈ గొర్రెలతో ఏమొస్తాది నాయనా? ఉన్నయినా ఉందా వాటికి?" అన్నాడు వాడు. ఆ మాటే నాకు దారి చూపింది. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు, మేక మాదిరి నున్నగా ఉంటుంది. మీ కొండల మీద సన్న ఉన్ని గొర్రెలు ఉంటాయని నువ్వే చెప్పావు గదా. అక్కడి పొట్టేలుతో మన గొర్రెలను దాటించి, పుట్టిన పిల్లల్లో మంచి ఉన్ని ఉన్నవాటిని ఏరి, వాటి పిల్లల్లో మళ్ళీ ఏరి, అట్లా ఏరుకుంటూ పోతే కొత్త జాతి తయారవుతుంది. పేరు కూడా పెట్టేశాను. మైపాడు ఉన్ని.

నాకొక పొట్టేలును పంపించు.

నీ మేలు కోరే అన్న,
హెబ్రోను

*

కూనూరు,
23 జనవరి 2022.

అన్నయ్యకు, వదినకు వందనాలు.

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే నవ్వుతుంటే పక్కింటి మగ్దలీనమ్మ గోడ మీంచి తొంగిచూసింది. మైపాడులో ఉన్ని గొర్రెలా? వేసవిలో మనుషులే చొక్కాలు విప్పి తిరిగే ఊళ్ళో నోరులేని జీవానికి స్వెట్టరు తొడుగుతావా? ఆస్పత్రిలో నర్సుగా ఎన్నో జబ్బులు చూశాను గాని ఇది మాత్రం కొత్తది.

కిషోర్ ఫోను చేశాడు. నువ్వన్నట్టే తేనె పూశాడు. కాని వాడి మాటలోనూ న్యాయం లేకపోలేదన్నయ్యా. వాడికీ పెళ్ళాం బిడ్డలున్నారు. నువ్వు బీడులో కూర్చొని గొర్రెలతో కబుర్లాడుతుంటే ఇల్లెట్లా నడుస్తుంది? అందుకని నేను ఎవరి పక్షమూ కాదు. ఒక పందెం పెడుతున్నాను. పందెమంటే రూఫస్ అయ్యగారు నిన్ను గుడిలో నిలబెట్టి అడుగుతారు గనుక ఒడంబడిక అందాం.

నీ గొర్రెల ఉన్నితోనే నేసిన శాలువా నాకు కావాలి. మా గుడిలో ఒక ఆదివారం మొదటి కీర్తన నుంచి ఆశీర్వాదం దాకా దాన్ని మెడ మీంచి తీయకుండా నేను కూర్చోగలిగితే నువ్వు గెలిచినట్టు. బీడు గొర్రెలదే, ఇక జన్మలో సంతకం పెట్టను. మధ్యలో తీసి పక్కన పెట్టానా, మర్నాడే చెరువులకు సంతకం. 2025 ఈస్టరు దాకా గడువు. నా మెడ సంగతి నీకు తెలుసు, చిన్నప్పుడు జరీ అంచు తగిలినా దద్దుర్లు లేచేవి. కిషోర్ వెంటనే ఒప్పుకున్నాడు. మా గుడిలో ప్రసంగాలు ఎంత పొడుగో తెలియదు గనుక నువ్వూ ఒప్పుకుంటావు.

తేయాకు తోట పక్కన గొర్రెలు పెంచేవాళ్ళ దగ్గర ఒక పొట్టేలును మాట్లాడాను. గూడూరు నుంచి నిమ్మకాయలు వేసుకొచ్చిన లారీ తిరిగి వెళ్తూ క్యారెట్లతో పాటు దాన్నీ తెస్తుంది. దానితో మా ఆయన స్వెట్టరు కూడా పంపుతున్నాను. మీ బావ పోయాక అది పెట్టెలోనే ఉంది. సన్న ఉన్ని అంటే ఏమిటో నీకు తెలియాలి గదా. నీ గొర్రెల ఉన్ని దీనంత మెత్తగా రావాలి. జాగ్రత్తగా చూసుకో.

చలికి వేళ్ళు వంగడం లేదు, ఇక ఆపుతాను.
రెబెక్క

*

మైపాడు,
20 ఫిబ్రవరి 2022.

ప్రియ చెల్లెలికి యేసయ్య నామమున వందనములు.

పొట్టేలు క్షేమంగా చేరింది. క్యారెట్లు మాత్రం చేరలేదు, దారి పొడుగునా అదే తిన్నదట. గూడూరులో డ్రైవరు నన్ను చూడగానే "ఎక్కడ దొరికినాడన్నా వీడు!" అని దండం పెట్టాడు. ట్రాలీ ఆటోలో మైపాడు దాకా నా ఒళ్ళో తల పెట్టుకొని వచ్చింది. సొలొమోను అని పేరు పెట్టాను. అయ్యగారికి నచ్చలేదు.

"గొర్రెపోతుకు ఆ పేరేంది హెబ్రోనూ?" అన్నారు.

"ఇంతమంది పెళ్ళాలున్నోడికి ఇంకేం పేరు పెట్టేది అయ్యగారూ?" అన్నాను. నవ్వాపుకోలేక గొడుగు అడ్డం పెట్టుకొని వెళ్ళిపోయారు.

కష్టమల్లా పెళ్ళాలతోనే వచ్చింది. మన గొర్రెలు వాడికంటే జానెడు ఎత్తు. ఆ బొచ్చు చూసి ఏ దయ్యమో అనుకొని సముద్రం దాకా పరుగెత్తాయి. వాడేమో ఎండకు నాలుక బయట పెట్టి, సరుగుడు చెట్ల నీడ వదలడు. పొద్దునా సాయంత్రం బోరింగు కింద స్నానం చేయిస్తున్నాను. అబిగయీలు "నాకు ఏనాడన్నా ఒక చెంబుడు నీళ్ళు కొట్టిచ్చినావా?" అంటోంది.

గొర్రెలకు ఉన్ని మీద మనసు కలగడానికి ఒక ఉపాయం చేశాను. ఫలితం వచ్చాక చెబుతాను. బావ స్వెట్టరును గురించి దిగులు పడకు. చాలా గౌరవమైన చోట ఉంచాను.

నీ అన్న,
హెబ్రోను

*

కూనూరు,
15 మార్చి 2022.

హెబ్రోను గారికి,

వందనాలు చెప్పే మనసు లేదు.

వదిన పంపిన ఫోటో చూశాను. నీళ్ళ తొట్టి ముందు గుంజ పాతి, అడ్డకర్ర కట్టి, దానికి మా ఆయన స్వెట్టరు తొడిగావు. పైన సున్నం బొట్లు పెట్టిన కుండ బోర్లించలేదు, అదొక్కటే తక్కువ. మీ బావ యెహోషువ గారు ఎప్పుడైనా నీకు ఒక్క మాట తూలి మాట్లాడారా? ఎండాకాలం నువ్వొచ్చినప్పుడల్లా రైలు దగ్గరికి ఎదురొచ్చి నీ సంచి తానే మోసిన మనిషి. ఆయన్ని గొర్రెలకు దిష్టిబొమ్మను చేశావా?

వెంటనే విప్పు. ఉతక్కుండా మడతపెట్టి పంపు. కిషోర్ పంపిన కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి. వాటి పక్కన పెన్ను కూడా ఉంది.

రెబెక్కమ్మ

*

మైపాడు,
1 ఏప్రిల్ 2022.

నా చెల్లెలు రెబెక్కమ్మకు, తల వంచుకొని వ్రాయునది.

దిష్టిబొమ్మ కాదమ్మా. ఆదివారం బడిలో మనం నేర్చుకున్న కాపరి కథ గుర్తుందా? చువ్వలకు తొక్క ఒలిచి చారలు తేల్చి నీళ్ళ తొట్ల ముందు పెడితే, వాటిని చూస్తూ నీళ్ళు తాగిన గొర్రెలు చారల పిల్లల్నే ఈనాయి. ఆ కథ తడబడకుండా చెప్పి బహుమతి సబ్బుపెట్టె తెచ్చుకుంది నువ్వే. చారలు చూస్తే చారలొచ్చినప్పుడు, సన్న ఉన్ని చూస్తే సన్న ఉన్ని రాదా అనుకున్నాను. మా ఇంట్లో ఉన్నవాటిలో అంతకన్నా మంచి ఉన్ని లేదు గనుక అదే పెట్టాను. అయ్యగారు చూసి, "ఆ మందను దీవించింది దేవుడు హెబ్రోనూ, చువ్వలు కాదు" అని నెత్తి కొట్టుకున్నారు.

బావ నాకూ బావే. ఆయన్ని సమాధి చేసిన రోజు కూనూరు చలికి నేను వణుకుతుంటే, నువ్వు అంత ఏడుపులోనూ ఆ స్వెట్టరే తెచ్చి నాకు తొడిగావు. అది మర్చిపోలేదు. మర్చిపోయినవాడిలా చేశాను. నాకు చాలా సిగ్గుగా ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నయోమి అనే గొర్రె ఎడమ చేతిని మోచెయ్యి దాకా తినేసింది. అబిగయీలు ఆకుపచ్చ ఉన్ని తెప్పించి ఆ చెయ్యి మళ్ళీ అల్లింది. అది కొంచెం పొడుగైంది. ఉతకలేదు.

స్వెట్టరు వెళ్ళిపోతున్నా దాని మెత్తదనం నాకు బాగా గుర్తుండిపోయింది. ఇక ఆ గుర్తుతోనే పోల్చుకుంటాను. పెన్ను కాస్త దూరంగా పెట్టమ్మా.

హెబ్రోను

*

కూనూరు,
19 ఏప్రిల్ 2022.

అన్నయ్యకు వందనాలు.

స్వెట్టరు అందింది. ఇప్పుడు వేసుకునే రాస్తున్నాను. ఎడమ చెయ్యి గుప్పిట దాటి ఇంకా వేలాడుతోంది, టీ తాగితే కప్పులో మునుగుతోంది. వదినకు చెప్పొద్దు, బాగుందని చెప్పు. నిజంగానే బాగుంది. పెట్టెలో మడత మీద ఉన్నన్నాళ్ళూ దాన్ని చూస్తే ఏడుపొచ్చేది, ఇప్పుడు చూస్తే నవ్వొస్తోంది.

పెన్ను సొరుగులో పెట్టాను.

ఈసారి చువ్వలూ గుంజలూ వద్దు. గొర్రెలు పెంచేవాళ్ళను అడిగి తెలుసుకున్నాను. ప్రతి ఈతలోనూ పిల్లలన్నిటినీ పరీక్షించి, మెత్తని ఉన్నివి ఉంచుకొని, గరుకువి అమ్మేయాలి. అంతే. ఏరేటప్పుడు జాలి పనికిరాదు. పేర్లు పెట్టకు. పేరు పెట్టినదాన్ని నువ్వు అమ్మలేవు, నాకు తెలుసు.

రెబెక్క

*

మైపాడు,
10 అక్టోబరు 2022.

ప్రియ చెల్లెలికి వందనములు.

ఆనందం పట్టలేక రాస్తున్నాను. సొలొమోనుకు సంతానం కలిగింది! ముందు సగం కంబళి, వెనక సగం మేక. ఒకదానికి వీపు మీద మాత్రమే ఉన్ని ఉంది, ఎవరో చాప పరిచినట్టు. మైపాడు బీచికి వచ్చినవాళ్ళు కూడా ఇటు తిరిగి చూసి పోతున్నారు. పక్కన రొయ్యల చెరువులున్న జయరామయ్య గట్టు మీద నుంచి, "ఏందబ్బా హెబ్రోనూ, కుట్టుపని సగంలో ఆపినావే?" అని అరిచాడు. అరిచాడు గనుక నాకూ వినపడింది.

నవ్వనీ. ఏరడం మొదలుపెట్టాను. ఒక్కొక్క పిల్లనూ పరీక్షించి, గరుకువాటిని కళ్ళు మూసుకొని సంతకు తోలాను. జాలి పడలేదు. మెత్తనివాటికి మాత్రమే పేర్లు పెట్టాను. ఎట్లాగూ ఉంచుకునేవే గదా, ఒడంబడికకు భంగం కాదనుకుంటాను.

హెబ్రోను

*

కూనూరు,
5 జూన్ 2023.

అన్నయ్యకు, వదినకు వందనాలు.

కూతుళ్ళను తండ్రికే దాటించకూడదు గనుక రెండో పొట్టేలును పంపుతున్నాను. బోయజు అని నేనే పేరు పెట్టాను, నువ్వు ఇంకేదో పెట్టి అయ్యగారి చేత తిట్లు తినకుండా. ఈసారి లారీలో క్యాబేజీలు.

కిషోర్ ఫోనులో ఒకటే గోల. నీ గొర్రెలు ఇంట్లోకి వస్తున్నాయట, టీవీ ముందు కూర్చుంటున్నాయట, వాడు స్నానానికి పోతే తలుపు దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నాయట. చెరువుల కోసం వాడు మరీ ఇంత కల్పించాలా? నేను నమ్మలేదు. గొర్రె మనిషిని చూస్తే పారిపోతుంది గాని టీవీ చూస్తుందా?

ఉన్ని ఎట్లా ఉందో ఒక్క ముక్క రాయవు. మెత్తబడుతోందా?

రెబెక్క

*

మైపాడు,
3 సెప్టెంబరు 2024.

రెబెక్కమ్మకు,

నీ మాట ఇంతేనా? గడువు ఇంకా ఉండగానే సంతకం పెట్టేశావా? నిన్న బీడులోకి పొక్లెయిన్ మిషను వచ్చింది. పచ్చగా, ఇంత పొడుగు చెయ్యి వేసుకొని, నాన్న పాతిన సరిహద్దు రాయి పక్క నుంచే లోపలికి వచ్చింది. 

నేను కర్ర తీసుకొని పోయేలోపే మంద అంతా దాని చుట్టూ చేరింది. బోయజు కూతురు దీనా మట్టి తోడే ఆ ఇనప తొట్టెలోకి ఎక్కి పడుకుంది. నడిపేవాడు, పెంచలకృష్ణ అట, హారను కొట్టాడు. ఒక్కటీ కదల్లేదు. దిగి అదిలించబోతే అతని చేతులు నాకాయి. ఆఖరికి అతనే కూలబడి, చాలాసేపు వాటి తలలు నిమురుతూ కూర్చొని, "ఇవి లేసేవి కావన్నా, మిషనిక్కడే ఉంటాది, రేపొస్తా" అని నడిచి పోయాడు.

నా గొర్రెలకున్న పాటి అభిమానం తోడబుట్టినదానికి లేదు.

హెబ్రోను

*

కూనూరు,
14 సెప్టెంబరు 2024.

అన్నయ్యా,

నేను సంతకం పెట్టలేదు. కాగితాలు అలాగే ఉన్నాయి, వాటి మీద ఊరగాయ జాడీ పెట్టాను.

కిషోర్‌ను అడిగాను. ఆ మిషను జయరామయ్య గారి చెరువుకు పోతూ, ఆ అబ్బాయి అన్నం తినడానికి మన సరుగుడు నీడకు వచ్చింది. మర్నాడు వెళ్ళిపోయింది కూడా. ఆ మాట నీకు రాయాలనిపించలేదా? ఫోనులో విన్నవాటినే అనుకున్నాను, ఎదురుగా జరిగేది కూడా నువ్వు సగం ఊహించుకొనే అలుగుతున్నావు. తోడబుట్టినదాన్ని అంత మాట అన్నందుకు నాకు నిజంగానే బాధ కలిగింది. ఆ రోజు అన్నం సయించలేదు.

అది అట్లా ఉంచు. నన్ను ఇంకొక సంగతి తొలుస్తోంది. నాన్న మందలో ఒక్క గొర్రెనైనా కొత్తవాళ్ళు ముట్టుకోగలిగేవాళ్ళా? నీవి మిషను ఎక్కి పడుకుంటున్నాయి. కిషోర్ చెప్పిన టీవీ కూడా నిజమేనేమో ఇప్పుడనిపిస్తోంది. అన్నయ్యా, నువ్వు ఉన్నిని ఏ విధంగా పరీక్షిస్తున్నావు? ఏదీ దాచకుండా రాయి.

రెబెక్క

*

మైపాడు,
29 సెప్టెంబరు 2024.

నా చెల్లెలికి వందనములు.

ముందు క్షమించు. అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిషను వెళ్ళిపోయాక సిగ్గుపడి రాయలేదు.

పరీక్ష సంగతి అడిగావు. దాచడానికేముంది? పిల్లకు రెండు నెలలు రాగానే నేను చెట్టు కింద కూర్చొని దాన్ని పిలుస్తాను. వచ్చాక దాని పక్కకు నా చెంప ఆనించి కళ్ళు మూసుకుంటాను. ఆ రోజు కూనూరులో బావ స్వెట్టరు మెడ దగ్గర ఎట్లా తగిలిందో గుర్తు చేసుకుంటాను. ఒక కీర్తన మొదటి నుంచి చివరి చరణం దాకా పాడతాను. తొందరపడితే మెత్తదనం తెలియదు గదా. పాట అయిందాకా హాయిగా ఉంటే అది మెత్తని ఉన్ని. తన్ని పారిపోయిందంటే అది గరుకుది, సంతకు తోలేస్తాను.

రెబెక్కా, పై వాక్యం రాశాక లేచి వెళ్ళి మందలో తిరిగి వచ్చాను. తన్ని పారిపోయినదాని ఉన్ని నేనెప్పుడు చూశాను? పిలిస్తే రానిదాని ఉన్ని ఎప్పుడు ముట్టుకున్నాను? ఇన్నాళ్ళూ ఉన్నిని ఏరుతున్నాననుకున్నాను. పిలిస్తే వచ్చేవాటిని, పాట అయిందాకా నా దగ్గర కూర్చునేవాటిని ఏరాను. ఆ జాతే తయారైంది. మెత్తని గొర్రెలే పుట్టాయి చెల్లీ, ఉన్ని మాత్రం గరుకు. ఇప్పుడే వేళ్ళతో చూసి వచ్చాను. ఎండిన కొబ్బరి పీచు నయం.

నవ్వుకో. అబిగయీలు ఇప్పటికే నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. నాకు మాత్రం భయంగా ఉంది. బీడు పోతే మందను అమ్మాలి. మామూలు గొర్రెలైతే కసాయిని చూసి బెదురుతాయి. ఇవి వాడి చెయ్యి నాకి, వాడి పక్కనే పడుకుంటాయి. అట్లా తయారు చేసింది నేనే. నాకు అన్నం దిగడం లేదు.

అయినా మాట మాటే. చలి తగ్గగానే ఉన్ని కత్తిరించి పంపుతాను. శాలువా నేయించు. మెడ ఒప్పుకోకపోతే తీసెయ్. నాకోసం అబద్ధమాడొద్దు.

నీ అన్న,
హెబ్రోను

*

కూనూరు,
14 ఏప్రిల్ 2025.

అన్నయ్యకు, వదినకు వందనాలు.

ఫిబ్రవరిలో నీ ఉన్ని మూట వచ్చింది. వడికినామె రెండు సార్లు నన్ను పిలిచి, ఇది గొర్రెదేనా అని అడిగింది. నేసినాయన ఏమీ అడగలేదు, నా వంక జాలిగా చూశాడు. శాలువా పోయిన వారం చేతికొచ్చింది. రంగు బాగుంది, గోధుమరంగు మీద తెల్ల జీర.

నిన్న మట్టల ఆదివారం. గడువులో నాకు మిగిలింది అదీ ఈస్టరూ. ఈస్టరు దాకా ఆగితే ధైర్యం చాలదని నిన్ననే కప్పుకొని వెళ్ళాను. మా ఆరాధన యూట్యూబులో వస్తుంది. కిషోర్ చూస్తానన్నాడు గనుక అందరికీ కనపడేలా మూడో వరుసలో కూర్చున్నాను.

మొదటి కీర్తన రెండో చరణానికే మొదలైంది. మెడ వెనక చీమలు పాకినట్టుంది. తర్వాత అవి కుట్టడం మొదలుపెట్టాయి. మట్టలు పట్టుకొని గుడి చుట్టూ ఊరేగింపు, ఎండ. పిల్లల పాటలు, యౌవనస్తుల పాటలు, స్త్రీల సమాజం పాట. ఆ స్త్రీల సమాజంలో నేనూ ఉన్నాను, చేతులు జోడించి పాడాను గనుక గోక్కోవడానికి వీల్లేకపోయింది. ప్రసంగానికి ఎక్కడి నుంచో వచ్చిన పెద్దాయన. "చివరిగా ఒక్క మాట" అని నాలుగు సార్లు అన్నారు. ప్రతిసారీ నమ్మాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మగ్దలీనమ్మ నా చెయ్యి పట్టుకొని, వాక్యం అంతగా తాకిందా అని అడిగింది. తల ఊపాను.

చాలాసార్లు చెయ్యి మెడ దాకా వెళ్ళింది. వెళ్ళినప్పుడల్లా ఇనప తొట్టెలో పడుకున్న నీ దీనా గుర్తొచ్చింది. కసాయి పక్కన పడుకుంటాయని నువ్వు రాసిన మాట గుర్తొచ్చింది. చెయ్యి దించేసుకున్నాను.

దురద లేదని రాయను. ఆ అబద్ధం నువ్వే వద్దన్నావు. మెడంతా దద్దుర్లు, ఇప్పుడు కొబ్బరినూనె రాసుకొని కూర్చున్నాను. ఒడంబడికలో దురద ఉండకూడదని లేదన్నయ్యా. నా ఉత్తరం తీసి చూసుకో. తీయకుండా కూర్చోగలిగితే అన్నాను. తీయలేదు. మొదటి కీర్తన నుంచి ఆశీర్వాదం దాకా తీయలేదు. నువ్వు గెలిచావు.

ఆరాధన అయ్యీ కాకముందే కిషోర్ ఫోను.

"అత్తా, మెడ ఎర్రగా కందిపోయుంది, వీడియోలో కూడా కనపడతా ఉంది" అన్నాడు.

"తీసినానా?" అన్నాను.

"తీయలేదు."

"మరి?"

"సరేలే అత్తా. వాటిని లారీ ఎక్కించడం నా వల్ల కూడా కాదు. ఆ దీనా రోజూ నా బండి ఎనకాలే మలుపు దాకా వస్తాది" అన్నాడు. కాగితాలు చింపేశాను. ఊరగాయ జాడీ మళ్ళీ అలమరలోకి పోయింది.

శాలువా ఈ ఉత్తరంతోనే తిప్పి పంపుతున్నాను. నీళ్ళ తొట్టి ముందు గుంజకు కట్టు. ఉన్ని ఎట్లా ఉండకూడదో చూసి నేర్చుకుంటాయి.

నీ చెల్లెలు,
రెబెక్క

*

మైపాడు,
26 మే 2025.

నా తోడబుట్టిన రెబెక్కమ్మకు వందనములు.

ఉత్తరం ఆలస్యమైంది. నీ ఉత్తరం చదివిన రోజు నేను గొర్రెల మధ్యకు పోయి కూర్చొని ఏడ్చాను. అవి నన్ను సరిగ్గా ఏడవనివ్వలేదు, అన్నీ వచ్చి మీద పడ్డాయి.

శాలువాను గుంజకు కట్టలేదు. నిన్న ఆదివారం దాన్ని నేనే కప్పుకొని గుడికి పోయాను. రోహిణి కార్తె ఎండలు. కరెంటు కూడా లేదు. నన్ను చూసి గుడి అంతా గుసగుస. పేరమ్మ తన విసనకర్ర నా మీదికి తిప్పింది. రూఫస్ అయ్యగారు జాలిపడి ప్రసంగం తగ్గించబోతే, నేనే చెయ్యెత్తి కానివ్వమన్నాను. దీనా, దాని వెనక మిగిలినవీ గుడి మెట్ల దాకా వచ్చి, లోపలికి రాకుండా గడప మీద తలలు పెట్టుకొని పడుకున్నాయి. ఆశీర్వాదమప్పుడు కిషోర్ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "ఇంక తీసెయ్ నాయనా" అన్నాడు నా చెవిలో. ఆమేన్ అన్నాకనే తీశాను.

మొదటి కీర్తన నుంచి ఆశీర్వాదం దాకా కూర్చున్నాను. ఒక్కసారి కూడా గోక్కోలేదు. మెడ, వీపు, చేతులు అన్నీ దద్దుర్లే. ఇంత దురద పెడుతుందని నాకు తెలియదు చెల్లీ.

నువ్వెట్లా కూర్చున్నావమ్మా?

నీ అన్న,
హెబ్రోను